పునీత దేవసహాయం: మన పాటలో ఏది మిగలాలి?

(బేరిగైలో సంక్రాంతి రోజు జరిగిన కూడికలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పండగ పూట ఇంట్లో అనపకాయలు ఒలుచుకుంటూ కూర్చోవలసిన వాళ్లు ఇంతమంది ఇక్కడికి వచ్చారు. సూళగిరి నుంచి, బాగలూరు నుంచి, సరిహద్దు దాటి మాలూరు వైపు నుంచి కూడా వచ్చారు. కూడిక కాగితంలో "బైజాంటియం కీర్తనలు, పునీత దేవసహాయం భక్తి" అని అచ్చు వేశాం. అది చదివి ఒక అక్క ఫోన్ చేసి, "ఆ బైజాంటియం ఏ తాలూకాలో ఉండాది నాయనా, బస్సుందా?" అని అడిగింది. నవ్వుకున్నాం గానీ ఆమె అడిగింది సరైన ప్రశ్నే. ఎక్కడి గ్రీకుల పాటో, దానితో బేరిగైకి ఏం పని? ఆ పని ఎట్లా పడిందో ముందు చెబుతాం.

గత ఏడాది మాలో నలుగురం ఒక ఊరి పండగకు పోయాం. ఊరి పేరు ఇక్కడ వద్దు. దేవసహాయం గారి స్వరూపాన్ని తేరులో పెట్టి ఊరేగించారు. తేరు నిండా గులాబీలు, మన వైపు షెడ్లలో పెరిగే గులాబీలే. మైకులో పాటలు. అన్నీ తమిళ పాటలు, మంచి గొంతులు. ఉద్యోగం ఇప్పించు, కడుపు పండించు, అప్పు తీర్చు, జబ్బు నయం చెయ్యి. అట్లా అడగడం తప్పని మేము అనం. బాధలో ఉన్నవాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. కానీ గంటన్నర సేపు విన్నా, ఆ మనిషిని ఎందుకు కాల్చి చంపారన్నది ఒక్క పాటలోనూ రాలేదు.

తేరు పెద్దవీధి తిరిగింది, బజారు వీధి తిరిగింది, కాలనీ మలుపు దగ్గరికి వచ్చి ఆగింది. కాలనీవాళ్లు మలుపు దాకా వచ్చి, కొవ్వొత్తులు వెలిగించుకుని, పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని నిలబడి ఉన్నారు. అక్కడ తేరును వెనక్కి తిప్పారు. ఎందుకని అడిగితే "దారి ఇరుకు" అన్నారు. మరుసటి పొద్దున మేము టీ తాగుతూ ఉంటే అదే దారిలో నుంచి టమోటా లారీ ఒకటి నిండు లోడుతో బయటికి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాలో ఒకరు అన్నారు: "పాటలో లేనిది తేరు దారిలోకి ఎట్లా వస్తుంది?" ఆ మాట మమ్మల్ని వదల్లేదు. పాట కట్టి, పాడి, పునీతుల్ని తరతరాలు జ్ఞాపకం పెట్టుకునే పని అందరికన్నా ఎక్కువగా చేసింది ఎవరని వెతికితే తూర్పు సభ దగ్గరికి చేరాం.

బైజాంటియం అంటే తూర్పు రోమా సామ్రాజ్యం. కాన్‌స్టంటీన్ చక్రవర్తి 330లో ప్రారంభించిన కాన్‌స్టాంటినోపుల్ నగరం, అంటే ఈనాటి ఇస్తాంబుల్, దానికి రాజధాని. 1453లో ఆ నగరం తుర్కుల చేతికి పోయింది గానీ పాటలు పోలేదు. గ్రీసులో, సైప్రస్‌లో, ఇంకా చాలా దేశాల ఆర్థడాక్స్ గుడుల్లో ఈనాటికీ వాటినే పాడుతున్నారు. వాయిద్యాలు ఉండవు. ఒకరు పాట నడిపిస్తుంటే పక్కవాళ్లు ఒకే స్వరాన్ని పట్టుకుని లాగుతూ ఉంటారు. దాన్ని ఈసోన్ అంటారు. మన తంబుర శ్రుతి అనుకోండి, కాకపోతే గొంతుతో పట్టే శ్రుతి. ఎనిమిది స్వర పద్ధతులు ఉంటాయి, వారానికి ఒకటి వంతు వస్తుంది. ఏ రోజు ఏ పునీతునికి ఏ పాటలు పాడాలో నెలకు ఒకటి చొప్పున 12 పుస్తకాల్లో రాసి ఉంటుంది.

వాళ్ల పద్ధతి ఒకటి వింటే మీకు మన భజన గుంపులు గుర్తుకొస్తాయి. అందరికీ తెలిసిన పాత పాట వరుసలో కొత్త మాటలు కూర్చి కొత్త పాట కడతారు. కొత్త పాటకు స్వరం రాయనక్కర్లేదు, పైన ఆ పాత పాట మొదటి మాటలు రాస్తే చాలు, గుడిలో ఉన్నవాళ్లకు వరుస తెలిసిపోతుంది. మనవాళ్లు ఏదో ఒక సినిమా వరుస మీద దేవుని పాట కడితే పెద్దలు ముఖం చిట్లిస్తారు గదా, ఇకమీదట ఇది 1000 ఏళ్లకు పైబడిన పద్ధతి అని చెప్పొచ్చు.

ఒకరిని కొత్తగా పునీతులుగా ప్రకటిస్తే ఆ సభలో వారికి పాట కట్టడం ఆ పనిలో భాగం. రష్యావాళ్ల ఆచారంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రకటనకు ముందు ఆ మనిషి ఆత్మశాంతి కోసం చివరిసారి ప్రార్థిస్తారు. ఆ తరువాత కొత్త పాట ఎత్తుకుంటారు. ఆయన కోసం దేవుణ్ని అడగడం అక్కడితో ఆగిపోతుంది, మా కోసం దేవుణ్ని అడుగు అని ఆయనను వేడుకోవడం మొదలవుతుంది.

ఈ పాటకట్టేవాళ్లలో పెద్దదిక్కు రోమనోస్. ఆరో శతాబ్దపు మనిషి. పుట్టుకతో రాజధానివాడు కాదు, సిరియాలోని ఎమెసా ఆయన ఊరు. ఈనాడు దాన్ని హోమ్స్ అంటున్నారు. బేరూత్‌లో డీకనుగా ఉండి, ఆ తరువాత కాన్‌స్టాంటినోపుల్ చేరాడు. గొంతు బాగోలేదని గుళ్లో అందరూ ఎగతాళి చేసేవాళ్లనీ, క్రిస్మస్ ముందు రాత్రి కలలో మరియ తల్లి ఒక కాగితపు చుట్ట ఇచ్చి తినమన్నదనీ, లేచి వేదిక ఎక్కి పాడితే ఊరంతా నివ్వెరపోయిందనీ కథ చెబుతారు. (మా భజన గుంపులో ఇద్దరు ముగ్గురికి ఆ చుట్ట తక్షణం అవసరం.) ఆయన తన వెంట సిరియా పాటల పోకడ తెచ్చాడు. నాలుగో శతాబ్దంలో ఎఫ్రేము అనే డీకను సిరియా భాషలో పాటలు కట్టి ఆడవాళ్ల గాయక బృందాలకు నేర్పాడు. ఆ ఎఫ్రేము పాటలు మన పక్కనున్న కేరళ సిరియన్ క్రైస్తవుల పూజలో ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి ఇది మనకు మరీ దూరపు చుట్టరికం కాదు.

రోమనోస్ కట్టినవాటిని కొంటాకియన్ అంటారు. పాటగా చెప్పే ప్రసంగం అనుకోవచ్చు. ఇరవై, ఇరవై నాలుగు చరణాల దాకా నడుస్తుంది. ప్రతి చరణం చివర ఒకే పల్లవి, దాన్ని జనం అందుకుంటారు. పాత గ్రీకు కవులు పాటించిన గురులఘువుల లెక్కను వదిలేసి, జనం మాట్లాడే మాటలో ఊనిక ఎక్కడ పడుతుందో దాని మీద నడక కట్టాడు. ఆయన పాటల్లో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. సిలువ మోసుకుపోతున్న కొడుకుతో మరియ తల్లి మాట్లాడుతుంది, ఆయన బదులు చెబుతాడు. మృత్యులోకం, సాతాను ఒకరినొకరు తప్పుపట్టుకుని తగవులాడుకుంటారు. మన వీధినాటకం తెలిసినవాళ్లకు ఇదంతా కొత్తేమీ కాదు. పల్లవి జనానిది కావడం అసలు సంగతి. పంతులు చెబితే వినిపోతాం. నోటితో మనమే పదిహేనుసార్లు అన్న మాట ఇంటికి వెంట వస్తుంది.

రెండో మనిషి కాసియా. తొమ్మిదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో పుట్టిన సన్యాసిని. స్వరూపాలను గుడుల్లోంచి తీసేయాలని చక్రవర్తులు పట్టుబట్టిన కాలంలో ఎదురు నిలబడి కొరడా దెబ్బలు తిన్నది. థియోఫిలోస్ చక్రవర్తి పెళ్లికూతురిని ఎంచుకునేందుకు అందగత్తెలను వరుసగా నిలబెట్టినప్పుడు, కీడంతా ఆడదాని వల్లనే వచ్చిందన్నట్టు అతను ఒక మాట విసిరితే, మేలు కూడా ఆడదాని వల్లనే వచ్చిందని ఆమె తిప్పికొట్టిందట. రాజు ఆమెను వదిలి పక్కమ్మాయికి పండు ఇచ్చాడట. కథే కావచ్చు గానీ, వందల ఏళ్లు చెప్పుకున్నారంటే ఆమె మీద జనానికి ఉన్న గురి తెలుస్తుంది. పవిత్ర వారంలో మంగళవారం రాత్రి ఆమె కట్టిన పాట పాడతారు. యేసు పాదాలను కన్నీళ్లతో కడిగిన స్త్రీ గురించిన పాట అది. ఊరంతా వేలెత్తి చూపిన ఆడమనిషి ఆ పాటలో తానే మాట్లాడుతుంది. గ్రీసులో ఆ ఒక్క పాట కోసమే ఆ రాత్రి గుడికి వచ్చేవాళ్లు ఉన్నారు. పేరు చెడిన స్త్రీలు వచ్చి వెనక నిలబడి వింటారని కూడా చెప్పుకుంటారు. స్త్రీ కట్టిన పాట పూజాగ్రంథంలోకి ఎక్కడం అక్కడ చాలా అరుదు. ఆమెనూ పునీతురాలిగా లెక్కిస్తారు, సెప్టెంబరు 7 ఆమె పండగ.

ఇప్పుడు మూడో సంగతి. మాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే.

గ్రీసులో థెస్సలొనీక అనే నగరం ఉంది. పౌలు రెండు పత్రికలు రాసిన థెస్సలొనీకయుల ఊరే. ఆ ఊరి పునీతుడు దెమెత్రియోస్, పండగ అక్టోబరు 26. నాలుగో శతాబ్దం మొదట్లో క్రీస్తును ప్రకటించినందుకు ఆయనను స్నానశాల దగ్గర బంధించి, ఈటెలతో పొడిచి చంపారని చరిత్ర చెబుతుంది. ఆయన గుడిలో ఏడో శతాబ్దపు రాతిముక్కల చిత్రాలు ఉన్నాయి. వాటిలో ఆయన కవచం లేకుండా, రాజోద్యోగి అంగవస్త్రంతో, చేతులు ప్రార్థనకు ఎత్తి, పసిపిల్లల పక్కన నిలబడి ఉంటాడు. తరువాతి కాలంలో ఊరిమీదికి దండ్లు వచ్చాయి. ఊరిని కాపాడేవాడు కావాలి. భక్తి పెరిగేకొద్దీ ఆయన ఒంటిమీదికి కవచం వచ్చింది, కిందికి గుర్రం వచ్చింది, చేతికి ఈటె వచ్చింది. 1207లో థెస్సలొనీకను ముట్టడించి ఊరి బయట చనిపోయిన బల్గేరియా రాజు కలోయాన్‌ను ఆయన గుర్రం మీదినుంచి పొడుస్తున్నట్టు కూడా బొమ్మలు వేశారు. ఈటె పోటుతో చచ్చినవాడి చేతికే ఈటె ఇచ్చారు!

అయితే బొమ్మ మారినా పాట మొత్తంగా మారలేదు. ఆయన పండగనాటి కీర్తనల్లో ఊరి రక్షకుడన్న పొగడ్త ఉంది గానీ, ఆయన ప్రక్కలో దిగిన ఈటెను, సిలువ మీద క్రీస్తు ప్రక్కలో దిగిన ఈటెతో కలిపి చెప్పే మాటలూ ఉన్నాయి. ఏటా అక్టోబరులో ఆ మాటలు పాడక తప్పదు. గుర్రం మీద ఉన్నవాడు ఒకప్పుడు చేతుల్లో ఏమీ లేకుండా చచ్చినవాడని గుడిలో వినబడక తప్పదు. పాటలో పెట్టింది అంత తొందరగా చెరిగిపోదు. మంచైనా అంతే, చెడైనా అంతే. బైజాంటియం పాటల్లో, ముఖ్యంగా సిలువ వారపు పాటల్లో, యూదుల్ని దూషించే మాటలు కూడా ఉన్నాయి. వాటినీ ఇన్ని శతాబ్దాలు పాడుతూ వచ్చారు. పాట కట్టేవాళ్లు దీన్ని కూడా చూసి నేర్చుకోవాలి.

ఇక మన నేల మీదికి వద్దాం.

దేవసహాయం గారి కథ మీలో చాలామందికి తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతాం. 1712లో నట్టాలంలో పుట్టారు. ఈనాడు అది కన్యాకుమారి జిల్లా, అప్పుడు తిరువిదాంకూరు రాజ్యం. పేరు నీలకంఠ పిళ్ళై, నాయర్ కుటుంబం. మార్తాండవర్మ రాజు కొలువులో ఉద్యోగం. 1741లో కొలచల్ యుద్ధంలో రాజుకు చిక్కి, ఆ తరువాత రాజు సైన్యంలోనే అధికారిగా మారిన డచ్చివాడు దె లనోయ్ ఆయనకు స్నేహితుడు. ఇంట్లో కష్టాలు, పశువులు చచ్చిపోవడం, పంట పోవడం. అప్పుడు ఆ స్నేహితుడు యోబు కథ చెప్పాడు. మన రైతులకు ఆ కథ ఎందుకు తగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు. 1745 మే 14న వడక్కన్‌కుళంలో జెస్యూట్ గురువు బుత్తారి చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందారు. లాజరు అనే పేరుకు అర్థం దేవుడు సహాయం చేశాడని. దాన్నే తమిళంలో దేవసహాయం అన్నారు. తెలుగులోకి మార్చే పనే లేదు, అది మన పేరు కూడా. భార్య భార్గవి అమ్మ జ్ఞానప్పూ అయింది. జ్ఞానపు పువ్వు.

ఆ తరువాత ఆయన ఏం చేశారు? కొలువు మర్యాదలు పక్కన పెట్టి, అంటరానివాళ్లని పక్కకు నెట్టినవాళ్లతో కలిసి కూర్చున్నారు, కలిసి తిన్నారు. మనుషులంతా సమానమని చెప్పారు. పైవాళ్లకు మండిపోయిందని రోమ్ సభ ఇచ్చిన వివరంలోనే ఉంది. 1749లో బంధించారు. మూడేళ్లు హింసించారు. గేదె మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, మెడలో జిల్లేడు పూలదండ వేసి ఊరూరా తిప్పారని కథ. మరణశిక్ష పడినవాడికి వేసే దండ అది. 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కాట్టాడిమలై మీద తుపాకులతో కాల్చి చంపారు. ఎముకల్ని తెచ్చి కోట్టారు గుడిలో సమాధి చేశారు. మేము ఆ కొండ ఎక్కాం. అక్కడ రాయితో కొడితే గంటలాగ మోగే బండ ఒకటి ఉంది. పిల్లలు మోగిస్తూనే ఉంటారు. కొండ కింద కొట్లలో గులాబీ దండలు అమ్ముతారు. జిల్లేడు మాత్రం ఎవరూ అమ్మరు.

అక్కడి జనం ఆయన కథను పాటగా, నాటకంగా చెప్పుకుంటూ వచ్చారు. రోమ్ వచ్చేదాకా ఆగలేదు. 2012 డిసెంబరు 2న ధన్యుడన్నారు, 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ పునీతుడని ప్రకటించారు. చనిపోయిన 270 ఏళ్లకు. భారతదేశంలో గురువు కాని, మఠవాసి కాని మామూలు విశ్వాసి పునీతుడు కావడం ఇదే మొదలు. అప్పటినుంచి భక్తి మన వైపు కూడా పెరుగుతోంది. ఇంటి గోడల మీద పటాలు, ఆటోల మీద పేరు, పిల్లలకు పేరు.

పేరు దగ్గర ఒక సంగతి. ప్రకటనకు ముందు ఆయన్ని దేవసహాయం పిళ్ళై అనేవాళ్లు. కులానికి అడ్డం నిలిచి చచ్చినవాడికి కులం పేరు తగిలించడం ఏమిటని కొందరు విశ్వాసులు, వాళ్లలో ఒక విశ్రాంత ఐఏఎస్ అధికారి కూడా, రోమ్‌కు రాశారు. పిళ్ళై అనేది కులం కాదు, కొలువు బిరుదు అని వాదించినవాళ్లూ ఉన్నారు. చివరికి తోక తీసేసి దేవసహాయం అని మాత్రమే ప్రకటించారు. మాకు ఇది పెద్ద సంగతే. అదే 2022 ఆగస్టు 27న మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లో మొదటివారు. పై అంతస్తులో గాలి కొంచెం మారింది. కింద తేరు దారి మారలేదు.

ఆయన జ్ఞానస్నానం పొందిన వడక్కన్‌కుళం చరిత్ర చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో అదే ఊళ్లో, పీఠం దగ్గర కలిసే రెండు కాళ్లలాగ విడిపోయిన గుడి కట్టారు. ఒక కాలులో వెళ్లాళులు, ఇంకో కాలులో నాడార్లు. మధ్యలో అడ్డం. జనం దాన్ని పంట్లాము గుడి అని వెక్కిరించారు. 1910లో జెస్యూట్ గురువు కౌసానెల్ ఆ అడ్డాన్ని కొట్టించేశారు. పైకులంవాళ్లు కోర్టుకు పోయారు, మద్రాసు హైకోర్టు దాకా పోయి ఓడిపోయారు. వేదసాక్షి జ్ఞానస్నానం పొందిన ఊళ్లోనే ఇంత జరిగింది. ఆయన్ని తలుచుకోవడం ఎప్పుడూ ఉంది, ఏం చేశాడని తలుచుకుంటున్నారన్నదే తేడా.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా లేదు. మీకిక కులం లేదని సర్కారు అంటుంది. ఉందని తేరు అంటుంది. మధ్యలో కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ మనిషి ఏమనాలి?

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆయనను మతం కోసమే చంపారా, కొలువు తగాదా వల్ల చంపారా అన్న దాని మీద కేరళ చరిత్రకారుల్లో వేరే అభిప్రాయాలున్నాయి. అదే రాజు కొలువులో దె లనోయ్ క్రైస్తవుడిగానే చివరిదాకా సేనాధిపతిగా ఉన్నాడు. కాబట్టి మన పాట పక్కమతం మీద కత్తి నూరే పాట కాకూడదు. మన పక్కింటివాళ్లు ఈ రోజు గొబ్బెమ్మలు పెట్టి, మనకు సంగటి, అనపగింజల పులుసు పంపినవాళ్లు. ఆయనను చంపిన కోపం ఒక మతానిది కాదు, పంక్తి చెడిపోతుందన్న భయానిది. ఆ భయం మన గుడిలోనూ ఉంది, ఆ గోడ కట్టింది మనవాళ్లే.

మరి మన పాట ఎట్లా ఉండాలి? ముందు తెలుగులో ఉండాలి. తమిళ పాట మీద మాకు కోపం లేదు, మన పిల్లలకు అదే బాగా వచ్చు. 2006 చట్టం వచ్చాక బడిలో తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. తెలుగు అక్షరం దిద్దే చోట్లు తగ్గిపోతున్నాయి. చాలా ఇళ్లల్లో మిగిలిన తెలుగు పుస్తకాలు రెండే, బైబిలు, పాటల పుస్తకం. అవ్వ తెలుగులో దుఃఖపడుతుంది గాబట్టి పాట తెలుగులోనే ఉండాలి. పునీతులకు సరిహద్దు చెక్‌పోస్టులు లేవు. కృష్ణా జిల్లా పెదఅవుటపల్లిలో 1945 జనవరి 15న చనిపోయిన దైవసేవకుడు బ్రదర్ జోసఫ్ తంబి తమిళుడు. తెలుగువాళ్లు ఏటా జనవరిలో వేలుగా అక్కడికి పోతున్నారు. అక్కడివాళ్లు తమిళుణ్ని తెలుగులో తలుచుకుంటుంటే, తమిళ నేల మీదున్న మనం దేవసహాయాన్ని తెలుగులో పాడితే తప్పేముంది?

పునీతులకు పాటేమిటి, పాట దేవునికే గదా అని అడిగే లూథరన్, పెంతెకొస్తు అన్నదమ్ములు ఈ కూడికలో ఉన్నారు. ఆ మాట మీద మాలో మాకే రెండు సాయంత్రాలు గడిచాయి. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం సాక్షుల జాబితానే గదా అని ఒకరు, జాబితా వేరు మొక్కు వేరు అని ఇంకొకరు. తెగలేదు. ఆయన పేరే దేవుడు చేసిన సహాయం కాబట్టి, చరణాల్లో ఆయన కథ చెప్పి, స్తుతి దేవునికే వదిలేద్దామని ప్రస్తుతానికి అనుకున్నాం. మొక్కుకునేవాళ్లు మొక్కుకుంటారు, కథ అందరిదీ అవుతుంది.

రోమనోస్ దగ్గర నేర్చుకున్నట్టు పల్లవి చిన్నదిగా, జనానిదిగా ఉండాలి. కాసియా దగ్గర నేర్చుకున్నట్టు పాట ఆడమనిషి గొంతులో ఉండాలని మాలో ఆడవాళ్లు పట్టుబట్టారు. అంటే జ్ఞానప్పూ గొంతు. మొగుణ్ని గేదె మీద తిప్పుతుంటే చూసిన మనిషి, ఆ తరువాత వడక్కన్‌కుళంలోనే బతుకు వెళ్లదీసిన మనిషి. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. కోలాటం వరుస మీద ఒక పల్లవి అనుకున్నాం:

ఎవరి పంక్తిన కూర్చున్నావయ్యా దేవసహాయా
ఏ పేరు విడిచి వచ్చావయ్యా దేవసహాయా

రెండో పాదంలో తాళం ఇంకా కుదరలేదు. "జిల్లేడు" అన్న మాట కచ్చితంగా రావాలని ఒకరు, పండగ పాటలో ఆ అపశకునం ఎందుకని ఇంకొకరు. మేము జిల్లేడు వైపే. గులాబీ కోసేవాళ్లు కట్టే పాటలో ఆ ఒక్క పువ్వు గులాబీ కాకపోతే ఏం పోయింది?

ఇంకొకటి. మేము చూసిన ఆ ఊరి పెద్దలతో మళ్లీ మాట్లాడాం. ఈసారి పండగకు తేరు ముందు మన గుంపు తెలుగు పాట పాడడానికి ఒప్పుకున్నారు. పాట పాడుతూ మలుపు దగ్గరికి వచ్చాక ఆగాలా, నడవాలా అన్నది వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. అది ఈ కూడికలోనే తేలాలి. కాలనీ నుంచి వచ్చిన ముగ్గురు ఇక్కడ ఉన్నారు, ముందు వాళ్లు మాట్లాడతారు. పాట పని మాత్రం ఐదు దాటాకే. షెడ్లలో పూలు కట్టలు కట్టే అక్కలు పండగైనా పనికి పోయారు, ఐదింటికి గానీ వదలరు. వాళ్లు రాకుండా పల్లవి తేల్చవద్దని చెప్పి పోయారు.